హనుమకొండ ఇంట్లో పాత అమెరికా అద్దం మేజ: ఏ కాలంది, ఎవరిది?

గిర్మాజిపేట గల్లీ:

నమస్తే అందరికీ. హనుమకొండలో మా నాయనమ్మ వాళ్ల పాత గూన పెంకుల ఇల్లు డెవలప్‌మెంట్‌కు ఇచ్చేశాం, వచ్చే నెల కూలగొడతారు. సామాన్లన్నీ పంచుకోవడం అయిపోయింది, ఒక్క అద్దం మేజ దగ్గర మాత్రం అందరూ ఆగిపోయారు. నాకు దాని ధర కంటే ముందు దాని కథ తేలాలి, ఎందుకంటే కథను బట్టి అది ఎవరిది అనేది మా ఇంట్లో మారిపోతోంది.

ముందు రూపం చెప్తాను. మనిషి కంటే బాగా ఎత్తు. మధ్యలో కిందికి దిగిన తెల్ల పాలరాతి పలక, దానికి అటూ ఇటూ కొంచెం ఎత్తుగా రెండు చిన్న సొరుగు పెట్టెలు, వాటి మీద కూడా పాలరాయే. కింద అడ్డంగా రెండు పెద్ద సొరుగులు. మధ్యలో నిలువుటద్దం, కళాయి అక్కడక్కడా పోయి నల్ల మచ్చలు పడ్డాయి. అద్దం ఫ్రేముకు రెండు పక్కలా దీపం పెట్టుకునేంత చిన్న గుండ్రటి పలకలు. పైన చెక్కిన ఆకులు, వాటి మధ్యలో ద్రాక్ష గుత్తి. సొరుగులకు ఇత్తడి పిడులు లేవు, చెక్కనే ఆకులూ కాయలుగా చెక్కి బిగించారు. ఎడమవైపు ఒక పిడి ఎప్పుడో విరిగితే తాత టేకుతో చేయించి పెట్టారట, అది ఆకు కంటే చేపకు దగ్గరగా ఉంటుంది, చిన్నప్పుడు మేమందరం దాన్ని పట్టుకునే సొరుగు గుంజేవాళ్లం.

ఇక కథలు. నాయనమ్మ బతికున్నప్పుడు చెప్పింది ఒకటి: మా ముత్తాత హనుమకొండ మిషన్ దొరలకు తెలుగు నేర్పే మున్షీ, ఒక దొరసాని అమెరికాకు తిరిగి పోతూ ఈ మేజ ఆయనకు ఇచ్చి పోయిందని. మా మేనత్త అలా కాదంటుంది. నాయనమ్మ పెళ్లికి ఆమె పుట్టింటివాళ్లు కాజీపేటలో ఒక రైల్వే దొర సామాను హర్రాజు వేస్తే పాడి కొని సారెతో పంపారట, కాబట్టి అది తల్లి సొమ్ము, కూతురిగా తనకే రావాలి అంటుంది. చిన్నాయనది ఇంకో లెక్క. పోలీస్ యాక్షన్ తర్వాత పట్నంలో ఒక నవాబు దేవిడీలో సామాన్లు అమ్ముతుంటే తాత సొంత డబ్బుతో కొన్నాడని, కాబట్టి కొడుకులదేనని. ముగ్గురూ ఒట్టేసి చెప్తారు.

పోయిన వారం పట్నం నుంచి పాత సామాన్ల వ్యాపారి ఒకాయన వచ్చి చూశాడు. ఇది జిట్రేగి (రోజ్‌వుడ్), ఇంగ్లండ్ సరుకు, అరవై వేలు ఇస్తాను, ఇప్పుడే బండి ఎక్కిస్తాను అన్నాడు. మా అక్క డల్లాస్‌లో ఉంటుంది, వీడియో కాల్‌లో చూసి "అమ్మొద్దు, నేను కంటైనర్‌లో తెప్పించుకుంటా, అమెరికా మేజ అమెరికాకే వస్తుంది" అని కూర్చుంది. నాన్న ఏమీ మాట్లాడడం లేదు.

అసలు ఇది అమెరికాదేనా? ఏ కాలంది? మూడు కథల్లో ఏది నిలుస్తుందో ఎట్లా తేల్చాలి? అక్క దగ్గరికి పంపొచ్చా? తెలిసినవాళ్లు జర చెప్పండి.


రంద పట్టినోడు:

తమ్ముడూ, ముందు ఆ వ్యాపారిని ఒక నెల ఆగమను. ఇప్పుడే బండి ఎక్కిస్తా అన్నవాడికి తొందర ఎందుకో ఆలోచించు.

మాది మూడు తరాల వడ్రంగి పని, పాత ఫర్నిచర్ రిపేరుకు మా దగ్గరికి వస్తూనే ఉంటుంది. జిట్రేగి అన్నాడంటే నాకు నమ్మకం కుదరడం లేదు. మన జిట్రేగి ఆరిన చెక్క ఘనమీటరుకు ఎనిమిది వందల కిలోల పైనే తూగుతుంది, టేకు సుమారు ఆరు వందల యాభై, అమెరికా నల్ల వాల్‌నట్ దానికంటే కొంచెం తక్కువ. చిన్న సొరుగు ఒకటి తీసి చేతిలో పట్టుకుని చూడు, అదే సైజు జిట్రేగి ముక్క ఎవరి దగ్గరైనా ఉంటే పక్కన పెట్టు, చేతికే తేడా తెలుస్తుంది. రంగు చూసి మోసపోవద్దు, వందేళ్ల లక్క పాలిష్ పొరలు పడితే ఏ చెక్కైనా నల్లగానే కనిపిస్తుంది.

బయటి చెక్క కంటే లోపలి చెక్క ముఖ్యం. ఇక్కడ మన దేశంలో చేసిన మేజ అయితే సొరుగు అడుగు పలక, వెనక పలక కూడా టేకో, మామిడో, మద్దో, ఏదో మన చెక్కే ఉంటుంది. అమెరికాలో చేసిందైతే బయట వాల్‌నట్, లోపల పైన్ లాంటి చవక చెక్క. పలక తెల్లగా, మెత్తగా ఉందా, గోరుతో నొక్కితే గీత పడుతుందా చూడు. పైన్ అయితే మాత్రం ఇంకో భయం, మన దగ్గర చెదలకు అది పండగే. వెనక పలక కింది భాగంలో మట్టి గీతలు ఉన్నాయేమో టార్చి వేసి చూడు.

తర్వాత సొరుగును పూర్తిగా బయటికి తీసి, ముందు పలక పక్క పలకకు కలిసే చోట ఫోటో తీసి పెట్టు. దగ్గరగా, పక్క నుంచి లైటు పడేటట్టు. అతుకు చూస్తే సగం జాతకం చెప్పొచ్చు. పాలిష్ గీకొద్దు, కొత్త వార్నిష్ కొట్టించొద్దు. పాలిష్ ఏదో తెలుసుకోవాలనుకుంటే వెనక కనిపించని చోట దూది మీద రెండు చుక్కల స్పిరిట్ వేసి అద్దు, దూదికి జిగట రంగు అంటితే లక్క పాలిష్, అంటకపోతే తర్వాతెవరో పైన వేరే పూత వేశారు.


ఓరుగల్లు ఆదివారం:

మూడు కథలు, ఒక మేజ, ముగ్గురు వారసులు. మీ నాన్నగారు మాట్లాడకపోవడమే ఈ మొత్తంలో తెలివైన పని అనిపిస్తోంది నాకు.


గిర్మాజిపేట గల్లీ:

రంద పట్టినోడు అన్నా, చాలా థాంక్స్. నిన్న సాయంత్రం సొరుగులు తీశాను. ఫోటోలు పెట్టాను చూడండి, మాటల్లో కూడా చెప్తాను.

సొరుగు పక్కన మామూలుగా పళ్లు పళ్లుగా ఉండే అతుకు లేదు. వరుసగా అర్ధచంద్రాలు ఉన్నాయి, ఒక్కో అర్ధచంద్రం మధ్యలో గుండ్రటి చుక్క, చుక్క అంటే సన్నటి చెక్క చీల కొట్టినట్టు. అన్ని సొరుగులకూ అచ్చం ఒకే కొలత, కంపాస్‌తో గీసినంత శుభ్రంగా. మొదట డిజైన్ అనుకున్నాను, కానీ సొరుగు మూస్తే కనిపించని చోట డిజైన్ ఎవరు చేస్తారు.

అడుగు పలక లేత పసుపు, గోరుతో గీత పడుతోంది. వెనక పలక మీద వంపుగా, చాపంలా రంపం గీతలు ఉన్నాయి. వెనక నల్ల సిరాతో ఒక అంకె అచ్చు వేసి ఉంది, పేరు ఏమీ లేదు. చెదలు లేవు. మేజ కాళ్ల కింద రాతి దిమ్మలు పెట్టి గోడకు జానెడు దూరం ఉంచేవారు, నాయనమ్మ దాన్ని గోడకు ఆనించనిచ్చేది కాదు, అందుకే బతికిందేమో.

ఇంకొకటి. కింది పెద్ద సొరుగులో అడుగున పాత పేపరు మైదా బంకతో అంటించి ఉంది, దాని మీద ఇంకో రెండు పొరలు. అన్నిటికన్నా కింది పొర గోలకొండ పత్రిక. సగం చిరిగింది కానీ 1938 అని స్పష్టంగా చదవొచ్చు.


పాత సామాన్ల పిచ్చి:

ఫోటో చూసి కుర్చీలోంచి లేచాను. అమెరికాలో కొన్నేళ్లు ఉండి వచ్చాను, అక్కడ ఆదివారాలు పాత సామాన్ల దుకాణాలు తిరగడమే నా పని, మా ఆవిడకు తలనొప్పి. అది నాప్ జాయింట్. విస్కాన్సిన్ రాష్ట్రంలో వాటర్‌లూ అనే ఊళ్లో చార్లెస్ నాప్ అనే ఆయన సొరుగు అతుకును యంత్రంతో కొయ్యడానికి 1867లో పేటెంటు తీసుకున్నాడు, దాన్ని మెరుగుపరిచాక 1871 నుంచి ఫ్యాక్టరీల్లో వాడకంలోకి వచ్చింది. అప్పటిదాకా సొరుగు పళ్లు చేత్తో కొయ్యాల్సిందే, ఫ్యాక్టరీలో మిగతా పనంతా యంత్రం మీద పరిగెత్తుతుంటే సొరుగుల దగ్గర మాత్రం బండి ఆగిపోయేది. ఈ యంత్రం వచ్చాక మనిషి చేసే దానికి ఎన్నో రెట్ల సొరుగులు ఒక రోజులో తేలాయి. తర్వాత మామూలు పళ్ల అతుకునే కోసే యంత్రాలు వచ్చేసరికి, పైగా జనానికి మళ్లీ పాతకాలం చేతిపనిలా కనిపించే ఫర్నిచర్ మీద మోజు పెరిగేసరికి, 1900 నాటికి ఇది దాదాపు మాయమైంది. అమెరికా, కెనడా ఫ్యాక్టరీల బయట ఈ అతుకు కనిపించడం చాలా అరుదు. ఇంగ్లండ్ సరుకు అన్న వ్యాపారి సొరుగు బయటికి తీసి చూడలేదన్నమాట, లేదా చూసి కూడా చెప్పలేదు.

వాల్‌నట్, తెల్ల పాలరాయి, మధ్యలో దిగిన పలక, దీపం పలకలు, ఆకు పిడులు, ఇవన్నీ కలిసి 1870లు, 1880ల మొదటి భాగం వైపే లాగుతున్నాయి. 1890ల కల్లా అక్కడ వాల్‌నట్ కరువై ఓక్ ఫ్యాషన్ అయిపోయింది. మిషిగన్‌లో గ్రాండ్ రాపిడ్స్ అనే ఊరు అప్పట్లో ఫర్నిచర్‌కు రాజధాని, 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన అమెరికా స్వాతంత్ర్య శతాబ్ది ప్రదర్శనలో బర్కీ అండ్ గే లాంటి అక్కడి కంపెనీలు పెద్ద పెద్ద వాల్‌నట్ పడకగది సెట్లు పెట్టాకే దేశమంతా పేరొచ్చింది. మీదీ అక్కడిదే అని మాత్రం నేను అనను. పేరు లేనప్పుడు ఊరు అంటగట్టడం వ్యాపారుల పని. వెనక ఉన్న అంకె ఫ్యాక్టరీ డిజైన్ నంబరో, సరుకు లాట్ నంబరో అయి ఉండొచ్చు, ఒక్క అంకెతో ఏమీ తేలదు.

పైన ద్రాక్ష గుత్తి చెక్కుడు మాత్రం ఒకసారి పక్క నుంచి చూడండి. ఆ కాలం ఫ్యాక్టరీ సరుకులో చెక్కుడు పని చాలావరకు విడిగా చేసి తర్వాత జిగురుతో అంటించేవారు. ఆకు అంచు కింద సన్నటి గీత కనిపిస్తే అదే. దానివల్ల విలువ తగ్గదు, ఆ కాలం పద్ధతే అది.

ఇక అసలు సంగతి. చెక్క చెప్పేది ఎక్కడ, ఎప్పుడు చేశారో అంతవరకే. 1875లో చేసిన మేజ 1880లో హనుమకొండకు రావచ్చు, 1930లో సెకండ్ హ్యాండ్‌గా బొంబాయిలో దిగి రావచ్చు. అక్కడి నుంచి మీ కథల్లోకి వెళ్లాలి. అన్నట్టు, ఇలాంటి మేజ చాలావరకు ఒంటరిగా అమ్మేవారు కాదు, మంచం, అద్దం మేజ, ముఖం కడుక్కునే పాలరాతి పెట్టె మూడూ సెట్‌గా వచ్చేవి. అదే ఆకు పిడులతో ఇంకేదైనా సామాను మీ చుట్టాల ఇళ్లలో ఉందేమో అడగండి.


కాజీపేట జంక్షన్:

మేనత్త గారి కథను అంత తేలిగ్గా తీసెయ్యకండి. నేను రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు యాభైల్లో, అరవైల్లో ఇంగ్లండుకో ఆస్ట్రేలియాకో వెళ్లిపోతూ ఇంటి సామాను మొత్తం అమ్ముకునేవారు, పియానోల దగ్గర్నుంచి సూప్ గిన్నెల దాకా. మా ఇంట్లో ఇప్పటికీ అలా కొన్న గడియారం ఉంది, నడవదు కానీ అమ్మం. కాబట్టి కాజీపేటలో హర్రాజు అనేది కట్టుకథలా లేదు.

కానీ మీరు చెప్పిన 1938 పేపరు దగ్గర నాకు సందేహం వస్తోంది. నాయనమ్మ గారి పెళ్లి ఎప్పుడు?


గిర్మాజిపేట గల్లీ:

పెళ్లి 1951లో. పెళ్లి పత్రిక ఉంది ఇంట్లో.


పాత సామాన్ల పిచ్చి:

అయితే పేపరు సంగతి జాగ్రత్తగా ఆలోచిద్దాం. 1938 పేపరు అంటించారంటే 1938కి ముందు అంటించలేదు అని మాత్రమే గట్టిగా చెప్పగలం. పదేళ్లు అటక మీద ఉన్న పాత పేపరు తీసి కూడా అంటించొచ్చు. కానీ అది కింది పొర, నేరుగా చెక్కకు అంటించినది, పైగా గోలకొండ పత్రిక. సురవరం ప్రతాపరెడ్డి గారు సంపాదకుడిగా 1926లో మొదలైన తెలుగు పత్రిక అది, నిజాం రాజ్యంలో తెలుగు చదివేవాళ్ల ఇంటికి వచ్చే పేపరు. ఇంగ్లీషు రైల్వే దొర ఇంట్లో సొరుగు అడుగున అది ఉండటం కొంచెం కష్టం. నవాబు దేవిడీలో అంతకంటే కష్టం, అక్కడ ఉర్దూ పేపరు దొరకాలి. అంటే 1930ల చివర్లోనో 40ల్లోనో ఈ మేజ తెలుగు చదివేవాళ్ల ఇంట్లో ఉండి ఉండాలని మొగ్గు. అప్పటికే తెలుగు మున్షీ ఇంట్లో ఉంటే సరిగ్గా సరిపోతుంది.

మిషన్ కథకు ఇంకో బలం ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ హనుమకొండలో 1879లో మొదలైంది. సికింద్రాబాద్ నుంచి వరంగల్‌కు రైలు 1886లో వచ్చింది, అంతకుముందైతే ఎడ్ల బండ్ల మీదే. మద్రాసుకో బొంబాయికో ఓడలో దిగి, అక్కడి నుంచి విప్పదీసిన ముక్కలుగా రైల్లో రావడం అసాధ్యం కాదు, అద్దం ఫ్రేము వెనక నుంచి స్క్రూలతో బిగించారు కదా, విప్పి పెట్టెలో పెట్టడానికి వీలుగానే ఉంటుంది ఆ తయారీ. అమెరికా మేజ ఈ ఊరికి రావడానికి అమెరికావాళ్లు ఉన్న ఇల్లు కంటే దగ్గరి దారి నాకు కనిపించడం లేదు. ఇది రుజువు కాదు, మొగ్గు మాత్రమే.

రుజువు కావాలంటే కాగితం దొరకాలి. ఆ మిషన్ వాళ్ల పాత ఉత్తరాలు, నివేదికలు అమెరికన్ బాప్టిస్ట్ హిస్టారికల్ సొసైటీ దగ్గర, అట్లాంటాలో ఉన్నాయి. ముత్తాత పేరు, ఆయన పని చేసిన సంవత్సరాలు రాసి మెయిల్ పెట్టండి. మేజ ప్రస్తావన దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు, మున్షీ పేరు దొరికినా పెద్ద గెలుపే. డల్లాస్ అక్కకు ఈ పని అప్పజెప్పండి, మేజ కోసం కొట్లాడే ఓపిక ఉన్నవాళ్లకు ఉత్తరాలు వెతికే ఓపిక కూడా ఉంటుంది.


నల్లకోటు:

కోర్టు మనిషిని, అందుకే కొంచెం చేదుగా మాట్లాడతాను. మీరు మొదటి పోస్టులో కథను బట్టి అది ఎవరిదో మారిపోతోంది అన్నారు. మీ ఇంట్లో వాదన మారుతుంది, చట్టం దగ్గర వాటా పెద్దగా మారదు.

మేనత్త కథే నిజమనుకోండి, సారెగా వచ్చింది. హిందూ వారసత్వ చట్టం 1956 సెక్షన్ 14 ప్రకారం అది నాయనమ్మ సొంత ఆస్తి, పూర్తి హక్కుతో. ఆమె వీలునామా లేకుండా పోతే సెక్షన్ 15 ప్రకారం కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా వస్తుంది, భర్త బతికుంటే ఆయనకూ. తల్లి సొమ్ము కూతురికే అనేది పాత మాట, ఈ చట్టంలో లేదు. చిన్నాయన కథే నిజమనుకోండి, తాత సొంత సంపాదన. ఆయన వీలునామా లేకుండా పోతే సెక్షన్ 8 ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానం, భార్య వాటా మళ్లీ ఆమె పిల్లలకే. కొడుకులదే అనే మాట అక్కడా లేదు. మున్షీ కథ నిజమైతే ఇంకో తరం పైకి వెళ్లాలి, ముత్తాతకు వేరే పిల్లలున్నారా అని చూడాలి, అక్కడ దాయాదులు బయల్దేరతారు. అంటే మీ ముగ్గురికీ అందరికన్నా ఇబ్బంది పెట్టే కథ నాయనమ్మ చెప్పినదే, ఆ పేపరు కూడా అటే మొగ్గుతోంది. నవ్వొద్దు.

దీన్ని మార్చగలిగేది ఒక్కటే, బతికుండగా ఇచ్చెయ్యడం. కదిలే వస్తువును బహుమతిగా ఇవ్వడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇచ్చి అప్పజెబితే చాలు. నాయనమ్మ ఎవరికైనా "ఇది నీదే తీసుకుపో" అని ఇచ్చి, వాళ్లు తీసుకుంటే అది చెల్లుతుంది. మేజ ఇంట్లోనే ఉండిపోయింది కాబట్టి అలా జరిగిందని చెప్పడం కష్టం. మేనత్త కథ, చిన్నాయన కథల్లో ఏది నిజమైనా మీ నాన్నగారు ఉన్నంతకాలం మీకూ మీ అక్కకూ ఇందులో హక్కు లేదు, కాబట్టి డల్లాస్ నుంచి వచ్చే మాట సలహా కింద రాసుకోండి.

ఇక పంపడం. ఇక్కడ గట్టి అడ్డం ఉంది. 1972 పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చేతిపని వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు, అలాంటిదాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. ఎక్కడ తయారైంది అనేది ఆ నిర్వచనంలో లేదు. పురావస్తువు కాదని భారత పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే కస్టమ్స్ దగ్గర కదులుతుంది. మీరు ఇక్కడ ఇంత కష్టపడి ఇది 1870లది అని తేలుస్తున్నారు, తేలిన కొద్దీ ఆ సర్టిఫికెట్ దూరమవుతుంది. అమెరికాలో పుట్టి ఇక్కడికి వచ్చిన మేజకు తిరుగు ప్రయాణం లేదన్నమాట. కంటైనర్ బుక్ చేసి తర్వాత చూసుకుందాం అనుకోవద్దు, అది నేరం కిందికి వస్తుంది. అమ్మాలనుకున్నా కొనేవాడికి పురావస్తువుల వ్యాపారం లైసెన్సు ఉందా అని మొదటి మాటగా అడగండి, ఆయన మొహం ఎలా మారుతుందో చూడండి.


రంద పట్టినోడు:

నల్లకోటు గారూ, ఆయన మొహం సంగతి నేను చెప్తాను, మళ్లీ ఫోన్ చెయ్యడు.


గిర్మాజిపేట గల్లీ:

మీ అందరికీ దండం. ఇవాళ ఇంకో ముడి పడింది. "సెట్" అన్నారు కదా, మేనత్తకు ఫోన్ చేసి అదే ఆకు పిడులతో ఇంకేమైనా ఉందా అని అడిగాను. కరీంనగర్‌లో ఆమె ఇంట్లో దేవుడి పటాలు పెట్టుకున్న పెట్టె మీద తెల్ల పాలరాయి ఉంది, వెనక కొంచెం ఎత్తుగా పాలరాతి అంచు కూడా. ఫోటో పంపింది. అవే పిడులు, సొరుగు పక్కన అవే అర్ధచంద్రాలు. 1974లో ఆమె పెళ్లికి నాయనమ్మ "నా సామాను నా బిడ్డకు" అని బండి మీద పంపిందట, అందరూ ఆ మాట విన్నారట, నాన్న కూడా విన్నాను అని ఒప్పుకున్నాడు. అంటే మున్షీ మామగారి సామాను అయితే నాయనమ్మ నాది అని ఎట్లా ఇచ్చింది? లేక ఇంటి కోడలిగా ఇంట్లో ఉన్నదంతా నాదే అనుకుందా?

మంచం సంగతి కూడా తెలిసింది. ఉండేదట, మహా పెద్దది, తలవైపు చెక్కుడు ఎత్తుగా ఉండేదట. మా నాన్న చిన్నప్పుడే పుప్పి పట్టి పొడి రాలుతుంటే కోసి పొయ్యిలో పెట్టారట.


పాత సామాన్ల పిచ్చి:

మంచం సంగతి చదివి అన్నం సహించలేదు.

కానీ మీ ముడిలో మంచి విషయం ఉంది. సెట్ మొత్తం ఒకే ఇంట్లో దిగింది. హర్రాజులో సామాను సాధారణంగా ముక్కలు ముక్కలుగా పోతుంది, ఎవరికి కావాల్సింది వాళ్లు పాడుకుంటారు. మూడూ కలిసి ఒకరి దగ్గరికి రావడం ఒకరు ఇచ్చేసి పోయినట్టే ఎక్కువ కనిపిస్తుంది. అయినా నాయనమ్మ "నా సామాను" అన్న మాటను కూడా పక్కన పెట్టొద్దు. ఒకవేళ మున్షీ గారే కోడలికి ఇచ్చి ఉండొచ్చు కదా, మామ ఇంటికి వచ్చిన కొత్త కోడలికి అద్దం మేజ ఇవ్వడం వింత కాదు. రెండు కథలూ నిజమయ్యే దారి అది. సారె అనేది తర్వాత చేరిన మాట అయి ఉండొచ్చు.

చెయ్యాల్సింది ఒకటే. నాన్న, చిన్నాయన, మేనత్త ముగ్గురి దగ్గరా విడివిడిగా కూర్చుని, ఎవరు ఎవరి నోట విన్నారో, ఏ సంవత్సరం నుంచి మేజ ఏ గదిలో ఉందని గుర్తో, వాళ్ల మాటల్లోనే రాయండి. కింద సంతకం, తారీఖు. ఒకరిది ఇంకొకరికి ముందు చూపించకండి, చూపిస్తే మూడూ కలిసి ఒకే కథ అయిపోతాయి. పాత పెళ్లి ఫోటోల్లో వెనక ఎక్కడైనా మేజ మూల కనిపిస్తుందేమో భూతద్దంతో వెతకండి, తేదీ తెలిసిన ఒక్క ఫోటో పది మాటల పెట్టు. ఆ కాగితాల మీద "అమెరికా తయారీ, సుమారు 1870లు, 80లు, హనుమకొండ మిషన్ నుంచి వచ్చినట్టు కుటుంబం చెప్పుకుంటుంది" అని రాయండి. "చెప్పుకుంటుంది" అనే మాట తీసెయ్యకండి. రేపు దీన్ని కొనేవాడు ముందుగా ఆ మాట తీసేసి అమ్ముతాడు.


నల్లకోటు:

1974 పెట్టె మేనత్తదే, అందులో ఎవరూ వేలు పెట్టలేరు, ఇచ్చారు, తీసుకుపోయింది. అద్దం మేజకు మాత్రం ఆ మాట పాకదు. ముగ్గురూ కూర్చుని ఒకరి దగ్గర ఉంచి మిగతా ఇద్దరికీ ఎంతో కొంత సర్దుబాటు చేసుకుని తెల్లకాగితం మీద రాసుకోండి. ధర మాత్రం ఆ వ్యాపారి చెప్పిందే ప్రమాణం అనుకోవద్దు, ఆయన జిట్రేగి ధర చెప్పాడు.


గిర్మాజిపేట గల్లీ:

ఆదివారం ముగ్గురూ హనుమకొండలోనే కలుస్తున్నారు. చిన్నాయన "కరీంనగర్‌లో జోడీ ఉంది కదా, ఇది కూడా అక్కడికే పోనీ, విడదీస్తే ఏం బాగుంటుంది" అని ఇవాళ అన్నాడు, నేను నమ్మలేకపోయాను. అక్క అలిగింది కానీ అట్లాంటాకు మెయిల్ పెట్టడానికి ఒప్పుకుంది. ఒకవేళ కరీంనగర్ పంపాలంటే ఎలా విప్పాలి? అద్దం పగిలితే నన్ను ఇంట్లోంచి వెళ్లగొడతారు.


రంద పట్టినోడు:

చెప్తా రాసుకో. ముందు సొరుగులు తీసి ఒక్కోదాని వెనక చాక్‌పీస్‌తో నంబరు వెయ్యి, పాత సొరుగు దాని చోట తప్ప ఇంకో చోట సరిగ్గా దూరదు. గోలకొండ పత్రిక ముక్కను గుంజొద్దు, అలాగే ఉంచి మీద పలుచటి గుడ్డ వెయ్యి. తర్వాత పాలరాయి. అది జిగురుతో ఉండదు, ఊరికే పెట్టి ఉంటుంది, ఇద్దరు ఎత్తితే వస్తుంది. ఎత్తాక పడుకోబెట్టి మోయొద్దు, నిలబెట్టి అంచు మీద మోయాలి, పడుకోబెడితే దాని బరువుకు అదే మధ్యలో విరుగుతుంది. అద్దం ఫ్రేము వెనక స్క్రూలు ఉంటాయి, తుప్పు పట్టి ఉంటే బలవంతంగా తిప్పొద్దు, ఒక చుక్క నూనె వేసి రాత్రంతా వదిలెయ్యి. స్క్రూలు ఏ రంధ్రంలోవి ఆ రంధ్రానికే, కవర్లలో పెట్టి రాసుకో. అద్దాన్ని కూడా నిలబెట్టే తీసుకుపోవాలి, పరుపు మధ్యలో. కళాయి పోయిందని కొత్త అద్దం వేయించొద్దు, మేనత్త అడిగినా వద్దని చెప్పు.

పైన ద్రాక్ష గుత్తి ఉన్న భాగం విడిగా వస్తుందేమో చూడు, వస్తే దుప్పటిలో చుట్టి కార్లో నీ పక్క సీట్లో పెట్టుకో, బండిలో వద్దు. ఆదివారం మీ వాళ్లు తేల్చాక నాకు మెసేజ్ పెట్టు, వడ్డేపల్లి నుంచి మా అబ్బాయిని పంపిస్తా. చేప పిడి మాత్రం మార్చను, ముందే చెప్తున్నా.